ఏడుపు ఆగేదాకా

బొమ్మల బీరువా తెరిచిన ఆయా పెట్టిన కేకకి టీచర్ పరుగున వచ్చి చూస్తే, కింది అరలో, ప్లాస్టిక్ ఇటుకల బుట్టకీ చెక్క గోడకీ మధ్య మూడున్నరేళ్ళ పాప ముడుచుకుపోయి ఉంది. కదలడం లేదు.

టీచర్ మోకాళ్ళ మీద కూలబడింది. చంకల కింద చేతులు వేసి పాపని బయటికి లాగింది. గౌను చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. మెడ ఒక పక్కకి వాలిపోయింది. ఆయా "అయ్యో, అయ్యో" అంటూ చేతులు నలుపుకుంటోందే తప్ప ఉన్నచోటు నుంచి కదలడం లేదు.

"నీళ్ళు! నిలబడ్డావేం, నీళ్ళు తే!"

తడి చెయ్యి మొహాన పడగానే పాప కళ్ళు తెరిచింది. టీచర్‌ని చూసింది. నోరంతా తెరిచి ఆవలించింది.

ఆ ఆవలింతతో టీచర్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. గోడ గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. పది నిమిషాల క్రితం, ఇళ్ళకి పంపే వేళ, బూట్లు తొడిగి వరసలో నిలబెట్టి లెక్కపెడితే ఇరవై మూడు తలలే వచ్చాయి. రావలసినవి ఇరవై నాలుగు. అప్పటి నుంచే ఈ వెతుకులాట. అయితే పదకొండుంబావుకి, పిల్లలు పాలు తాగుతున్నప్పుడు, బల్ల మీద ఒక గ్లాసు మిగిలిపోయిన సంగతి ఆమెకి బాగా గుర్తుంది. లెక్క తప్పి ఒకటి ఎక్కువ పోశాననుకుంది. నిలబడే ఉండి తనే తాగేసింది.

అంటే గంటకి పైమాటే. ఇరవై నలుగురిలో ఒకరు గంటకి పైగా గదిలో లేకపోతే ఆమెకి తెలియలేదు.

"గడియ బయటి నుంచి పెట్టుందమ్మా," అంది ఆయా గొంతు తగ్గించి. "నా చేత్తో నేనే తీశా. పిల్ల తనంతట తను వేసుకునేది కాదు."

"ఎవరు పెట్టుంటారు?"

"ఇంకెవరమ్మా? అంత ఎత్తు ఎవరికందుతుంది? ఆ బస్సుకే."

ఆ గదిలో పిల్లలకి బొమ్మల పేర్లు. ఒక్కొక్కరికీ ఒక బట్టల క్లిప్పు, దాని మీద ఒక స్టిక్కరు. గొడుగు, బస్సు, చేప, నిచ్చెన, తాళంచెవి. పొద్దున లోపలికి రాగానే ఎవరి క్లిప్పు వాళ్ళు మొహాల బోర్డుకి తగిలించాలి. బోర్డు మీద నాలుగు కాగితం ప్లేట్లు, నాలుగు మొహాలు: సంతోషం, దిగులు, కోపం, భయం. ఎవరి మనసు ఎలా ఉందో అలా. చిన్నప్పటి నుంచే తన మనసూ పక్కవాళ్ళ మనసూ గుర్తుపట్టడం అలవాటైతే పెద్దయ్యాక మనుషులవుతారని ఆ బోర్డు ఉద్దేశం. బీరువాలో దొరికిన పాప గొడుగు. గదిలో అందరికంటే పొడుగ్గా, పక్కకి తిరిగితే ఎవరో ఒకరిని పడగొట్టేలా ఉండే అయిదేళ్ళవాడు బస్సు. ఆ పొద్దునే జారుడుబల్ల దగ్గర గొడుగుని తోశాడు కూడా. ఆయా చూసింది. టీచరూ చూసింది.

గొడుగు తండ్రి అద్దాలు బిగించే పనివాడు. జేబులోంచి కొలతల టేపు వేలాడుతుండగా గేటు దగ్గర నుంచే అరుచుకుంటూ వచ్చాడు. కూతుర్ని భుజాన వేసుకుని ఒంటికాలి మీద లేచాడు.

"గంట! గంటసేపు పిల్ల పెట్టెలో ఉంటే మీరేం చేస్తున్నారండీ ఇక్కడ?"

టీచర్ నోరు తెరిచింది. ఆమెకంటే ముందు పెద్ద మేడమ్ అందుకుంది. ఆ బడి ఆవిడదే, ఎలాంటి కోపాన్నయినా రెండు మాటల్లో చల్లార్చడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య.

"మీరు కూర్చోండి. ముందు ఎవరు చేశారో తేలనివ్వండి. పాపనే అడుగుదాం."

తండ్రి కూతురి గడ్డం పట్టుకున్నాడు. "ఎవరమ్మా? ఎవరు పెట్టారు నిన్ను?"

పాప పలకలేదు.

"ఆ పొడుగాడేనా? పొద్దున నిన్ను తోసినవాడు?"

పాప తల ఊపింది.

"విన్నారుగా!" అన్నాడు తండ్రి.

పాప ఒక్క మాట కూడా అనలేదని ఎవరికీ తట్టలేదు.

మర్నాడు, మంగళవారం, టీచర్ గొంతు బొంగురుపోయింది. రెండు నెలల క్రితం మానేసిన రెండో టీచర్ స్థానంలో ఇవాళో రేపో మనిషి వస్తుందని పెద్ద మేడమ్ చెబుతూనే ఉంది. ఆ మనిషి రాలేదు. ఇద్దరి పని ఒకతే చేస్తోంది. పొద్దున్నుంచీ పదిహేడు జతల బూట్లు విప్పింది, ఆరు ముక్కులు తుడిచింది, ఒకడి లాగు మార్చింది. చిన్న పిల్లల కుర్చీలో కూర్చుని లేచినప్పుడల్లా మోకాళ్ళు పటపటమంటున్నాయి.

పిల్లలు చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. టీచర్ గుడ్డబొమ్మని ఒళ్ళో పెట్టుకుని, దాని కళ్ళకి చేతులు అడ్డంపెట్టి ఏడుస్తున్నట్టు ఊపింది.

"దీనికేమైంది?"

"ఏడుస్తోంది టీచర్!" చేప అందరికంటే ముందు చెయ్యెత్తాడు. నాలుగున్నరేళ్ళవాడు, దువ్విన తల చెదరదు. చొక్కా మీద పసుపుపచ్చ బిళ్ళ మెరుస్తోంది. వారమంతా తోటిపిల్లల్ని ఊరుకోబెట్టిన వాళ్ళకి శుక్రవారం ఆ తోడు బిళ్ళ పెడతారు. మూడు వారాలుగా అది వాడి దగ్గరే ఉంది. "ముందు మొహం చూడాలి. తరవాత ఏమైందని అడగాలి. తరవాత ఏడుపు ఆగేదాకా తోడుండాలి."

"శభాష్. బస్సూ, నువ్వు చెప్పు. దీనికి ఏమైంది?"

బస్సు బొమ్మని ఎగాదిగా చూశాడు. "దానికేమవుతుంది టీచర్? బొమ్మ కదా."

అందరూ గొల్లుమన్నారు. మరోరోజయితే టీచర్ కూడా నవ్వేదేమో. ఇవాళ వాణ్ణి చూడటానికే కష్టంగా ఉంది. నిన్న ఈ చెడ్డపని ఎవరు చేశారని పిల్లలందరినీ అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. వాణ్ణి పట్టుకుని నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ "నేను కాదు" అన్నాడు. మరెవరంటే భుజాలు ఎగరేశాడు.

మధ్యాహ్నం పెద్ద మేడమ్ గదిలో అందరూ చేరారు. గొడుగు తండ్రి ఒళ్ళో గొడుగు. ఎదురుగా బస్సు, వాడి వెనక వాడి అమ్మ. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. మోచేతుల దాకా చేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. పని మధ్యలోంచి వచ్చినట్టుంది, నడుముకి కట్టుకున్న గుడ్డ కూడా విప్పలేదు.

"మా పద్ధతి ఒకటుందండి," అంది పెద్ద మేడమ్. "తప్పు చేసిన బిడ్డ అవతలి బిడ్డ మొహం చూసి, ఆ బిడ్డకి ఎలా ఉందో చెప్పి, అప్పుడు క్షమించమని అడగాలి. టీచర్ గారూ, అడిగించండి."

టీచర్ బస్సు భుజం మీద చెయ్యి వేసింది. "వెళ్ళు. పాప మొహం చూడు. ఏం కనిపిస్తోంది?"

బస్సు రెండడుగులు వేశాడు. ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూశాడు. వాడు ఏదైనా అలాగే చూస్తాడు.

"నిద్రొస్తోంది," అన్నాడు.

"చూశారా!" తండ్రి కుర్చీలోంచి సగం లేచాడు. "ఇంత చేసి వెటకారం కూడాను! అయిదేళ్ళకే ఇంత పొగరా?"

లేస్తూ అతను భుజానికెత్తుకున్న గొడుగు రెండు గుప్పిళ్ళతో కళ్ళు నులుముకుంది. తల వాల్చేసింది. ఆ సంగతి టీచర్ ఒక్కతే చూసింది. చూసి ఊరుకుంది.

"వీడైనా ఉండాలి, మా పాపైనా ఉండాలి," అన్నాడు తండ్రి వెళ్తూ. "శుక్రవారం లోపల తేల్చండి. లేకపోతే ఎవరికి చెప్పాలో నాకు తెలుసు."

బస్సు తల్లి కొడుకు ముందు వంగింది. కొడుకు చొక్కా గుండీ ఒకటి ఊడితే పెడుతూ అంది: "ఇక్కడ కాకపోతే వీణ్ణెక్కడ పెట్టమంటారు మేడమ్? ఇస్త్రీ బల్ల కింద పెట్టుకోనా? అక్కడా బాగానే ఉంటుంది లెండి, వెచ్చగా." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఈ చుట్టుపక్కల వీణ్ణి చేర్చుకునే చోటు ఇదొక్కటే. వీణ్ణి వదిలే చోటు లేకపోతే నాకు పని లేదు."

"మేమూ ఆలోచిస్తాం," అంది పెద్ద మేడమ్.

ఆలోచన అప్పటికే టైపు అయి సొరుగులో ఉంది. తల్లీకొడుకులు గేటు దాటగానే కాగితం బల్ల మీదికి వచ్చింది. తోటిపిల్లలకి ప్రమాదం కనక బస్సు ఇక బడికి రానక్కర్లేదు, గురువారమే ఆఖరు. కింద టీచర్ వాంగ్మూలం: ఆ పిల్లవాడు పాపని తోయడం కళ్ళారా చూశాను, గడియ అతనికి అందుతుంది. దాని కింద ఇంకొక్క వాక్యం: తరగతి గదిలో పర్యవేక్షణ లోపమేమీ లేదు.

టీచర్ ఆ ఆఖరి వాక్యాన్ని రెండుసార్లు చదివింది.

"సంతకం పెట్టి ఇంటికి వెళ్ళండి," అంది పెద్ద మేడమ్, దయగానే. "మీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

పెన్ను కూడా ఆవిడే అందించింది. టీచర్ సంతకం పెట్టింది. చేతికి పెన్ను బరువుగా ఉంది, అంతే. ఇంకేమీ అనిపించలేదు. ఏదైనా అనిపించాలన్నా ఒంట్లో ఓపిక ఉండాలి.

బుధవారం పొద్దున గొడుగు మామూలుగానే బడికి వచ్చింది. ఎవరినీ చూసి బెదరలేదు. బస్సు పక్కనే కూర్చుని వాడి చెక్క లారీలో కాగితం ఉండలు వేస్తోంది. ఆయా పరుగెత్తుకెళ్ళి పాపని ఎత్తుకొచ్చేసింది.

టీచర్ పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బూటు తాడు విప్పుతూ మాటల్లో పెట్టింది. "ఆ రోజు బీరువాలో భయమేసిందా తల్లీ?"

పాప తల ఊపింది.

"బస్సే పెట్టాడా?"

ఊపింది.

రెండో బూటు తాడు చిక్కుపడింది. టీచర్ గోళ్ళతో ముడి విప్పుతూ ధ్యాస లేకుండానే ఇంకో ప్రశ్న వేసింది. "ఆయా పెట్టిందా?"

పాప తల ఊపింది.

టీచర్ వేళ్ళు ఆగిపోయాయి. నెమ్మదిగా తలెత్తింది. "నేను పెట్టానా?"

ఊపింది.

"ఏనుగు పెట్టిందా?"

పాప అంతే మర్యాదగా, అంతే నమ్మకంగా తల ఊపింది.

టీచర్ పాపని దింపింది. తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళి గడియ తీసింది. సోమవారం తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇటుకల బుట్ట జరిపి చూస్తే వెనక ఒక చిన్న దిండు. దాని పక్కన చేతులు తుడుచుకునే తువ్వాలు, నాలుగు మడతలు పెట్టి ఉంది. అంచుకి అంచు కలిసేలా.

కోపంతో తోసి గడియ పెట్టినవాడు దిండు ఇస్తాడా?

దిండు గోడవారనున్న ఊరట మూలది. ఏడ్చే పిల్లల్ని కూర్చోబెట్టడానికని కిందటేడు ఆ మూల మెత్తటి పరుపు వేశారు. రెండో టీచర్ వెళ్ళిపోయాక అక్కడ విరిగిన బల్లలు పేర్చారు. ఇప్పుడు ఏడ్చే పిల్లలకి వేరే చోటు లేదు. నిలబడ్డచోటే ఏడుస్తారు.

టీచర్ వెనక్కి తిరిగితే మొహాల బోర్డు కంటపడింది. ఎన్నాళ్ళయిందో దాని వంక సరిగ్గా చూసి. రోజూ పొద్దున చూడవలసిన బోర్డు అది. దిగులు ప్లేటు ఖాళీ. కోపం ఖాళీ. భయం ఖాళీ. ఇరవై నాలుగు క్లిప్పులూ సంతోషం మీదే. ఆ బరువుకి కాగితం ప్లేటు కిందికి వంగిపోయి, దాని మీది నవ్వు వంకరగా సాగింది.

"ఏంటిది, అందరూ ఇక్కడే పెట్టేశారు?" అడిగింది పక్కనే ఉన్న తాళంచెవిని.

"అక్కడ పెడితే మీరు శభాష్ అంటారు టీచర్. వేరేచోట పెడితే ఏమీ అనరు," అంది ఆ పిల్ల.

టీచర్ వెళ్ళి చెబితే పెద్ద మేడమ్ అంతా విన్నది. ఏనుగు దగ్గర కొంచెం నవ్వింది కూడా. ఆ తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"సరే, బస్సు కాదనుకుందాం. మరెవరు?"

"తెలీదు మేడమ్."

"తెలీదని ఆ తండ్రికి చెప్పనా? ఎవరు పెట్టారో తెలీదు, ఎప్పుడు పెట్టారో తెలీదు, గంటసేపు మాలో ఒక్కరూ చూసుకోలేదు అని చెప్పనా? మీరు రాసిస్తారా ఆ మాట?"

టీచర్ చూపు బల్ల మీది కళ్ళజోడు మీదికి దిగింది.

"రాయరు. రాయమని నేనూ అనను. మీరు పోతే నాకు ఇరవై నలుగురు పిల్లలు, ఒక ఆయా మిగులుతారు. ఆ పిల్లవాడికి ఇంకోచోటు దొరక్కపోదు. వెళ్ళండి, పాల వేళయింది."

బడి అయ్యాక టీచర్ ఇంటికి వెళ్ళలేదు. ఆసుపత్రి వెనక సందులోకి నడిచింది. లాండ్రీ తలుపు తీయగానే ఆవిరి మొహాన కొట్టింది. పొడుగాటి గది, గుండ్రంగా తిరిగే యంత్రాలు, చక్రాల బండ్ల నిండా తడి దుప్పట్లు. బస్సు తల్లి చివరి బల్ల దగ్గర ఒక్కతే పెద్ద దుప్పటితో కుస్తీపడుతోంది. ఒక అంచు గడ్డం కింద నొక్కిపట్టి, రెండో అంచు కోసం చేతులు చాపుతోంది.

టీచర్ వెళ్ళి ఆ రెండో అంచు పట్టుకుంది.

తల్లి ఆశ్చర్యపోయిందిగానీ చేతులు ఆపలేదు. ఇద్దరూ లాగి విదిలించారు. మధ్యకి మడిచారు. ఎదురెదురుగా నడిచి అంచులు కలిపారు. టీచర్ వంగి కింది మడత అందుకుంది. ఒకటి అయ్యాక రెండోది, దాని తర్వాత మూడోది.

"మీరొచ్చారేంటి టీచర్ గారూ? ఇంకేమైనా పగలగొట్టాడా మావాడు?"

"లేదు. ఊరికే."

"ఊరికే ఇక్కడికెవరూ రారు. ఒళ్ళు ఉడికిపోతుంది." మళ్ళీ విదిలించారు. "వాడు మంచివాడని చెప్పను. దూకుడెక్కువ. ఆ పిల్లని తోశాడు, నిజమే, రెండు తగిలించాను కూడా. కానీ బంధించలేదంటున్నాడు. నాకు అబద్ధం చెప్పడు. చెప్పినా దొరికిపోతాడు, చెవులు ఎర్రబడతాయి వాడికి."

టీచర్ ఇంకో దుప్పటి అంచు అందుకుంది.

"మీ బళ్ళో చేరాక వాడికో పిచ్చి పట్టుకుందండీ. నేను ఇంట్లో అడుగుపెట్టగానే మొహంలో మొహం పెట్టి చూస్తాడు. 'అమ్మా, ఇవాళ కాళ్ళు నొప్పి' అంటాడు. 'అమ్మా, ఇవాళ ఎవరో తిట్టారు.' ఒక్కరోజు తప్పు చెబితే ఒట్టు. నిన్న మేడమ్ గదిలోంచి బయటికి రాగానే ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"'టీచర్‌కి భయమేస్తోందమ్మా' అన్నాడు. ఊరుకోరా, టీచర్‌కి భయమేంటి, నువ్వు పడాలి భయం అన్నాను." తల్లి దుప్పటి అంచు అందించింది. "గట్టిగా పట్టుకోండి, జారిపోతోంది."

గురువారం టీచర్ గంట ముందే వచ్చింది. పెద్ద మేడమ్ బల్ల మీద చేతిరాతతో ఒక కాగితం పెట్టింది. అయిదే వాక్యాలు. పాప ఎప్పుడు కనబడకుండా పోయిందో నాకు తెలియదు. పాల గ్లాసు మిగిలినప్పుడే లెక్కపెట్టి ఉండాలి, పెట్టలేదు. గడియ ఎవరు పెట్టారో నేను చూడలేదు. మంగళవారం నేను పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. చూసుకోకపోవడం నా తప్పు.

పెద్ద మేడమ్ చదివి కాగితం బోర్లించింది. "ఇది ఆ తండ్రి చేతిలో పడితే మీ ఉద్యోగం ఉండదు. తెలుసా?"

"తెలుసు మేడమ్."

"రాత్రి నిద్రపోయారా అసలు?"

"పోయానండి. చాలా రోజుల తరవాత."

"పన్నెండింటికి ఆ తల్లి వాడి సంచీ తీసుకెళ్ళడానికి వస్తుంది. అప్పటిదాకా ఆలోచించుకోండి. ఏ కాగితం ఉంచమంటే అది ఉంచుతాను. రెండూ ఉంచలేను."

పన్నెండయ్యేసరికి పెద్ద మేడమ్ తరగతి గది గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన బస్సు తల్లి, నడుముకి అదే గుడ్డ. కొడుకు సంచీలో ఆయా రంగుపెన్సిళ్ళు సర్దుతుంటే కళ్ళప్పగించి చూస్తోంది. బస్సు లారీని పట్టుకుని వదలడం లేదు.

"అది బడిదిరా నాన్నా," అంది తల్లి. "ఇచ్చెయ్యి."

"రేపు ఇస్తా."

"రేపు లేదుగా."

టీచర్ పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళింది. "నా కాగితమే ఉంచండి," అంది. గొంతు రాక గుసగుసలా వచ్చింది ఆ మాట.

పెద్ద మేడమ్ జవాబు చెప్పేలోగా, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నిచ్చెన అని పిలిచే బుడతడు కాలు జారి పడ్డాడు. మోకాలు గీసుకుపోయింది. గుక్క తిప్పుకోకుండా ఏడుపు అందుకున్నాడు. అలవాటుగా టీచర్ కళ్ళు మూసుకుంది, ఒక్క క్షణం, ఒంట్లో మిగిలిన ఓపికని కూడగట్టుకోవడానికి.

కళ్ళు తెరిచేసరికి చేప నిచ్చెన పక్కన ఉన్నాడు. వంగి మొహం చూశాడు. ఏదో అడిగాడు. చెయ్యి పట్టుకుని లేపాడు. పసుపుపచ్చ బిళ్ళ మెరుస్తుండగా, తొట్టి ముందున్న ఎత్తుపీటని ఒక చేత్తో ఈడ్చుకుంటూ, రెండో చేత్తో నిచ్చెనని నడిపించుకుంటూ వెళ్తున్నాడు. బీరువా వైపు.

పీట వేశాడు. ఎక్కాడు. వాడి వేళ్ళు గడియని అందుకున్నాయి.

గుమ్మంలో పెద్ద మేడమ్ చెయ్యి తలుపు అంచుని పట్టుకుంది. బస్సు తల్లి కొడుకుని దగ్గరికి లాక్కుంది.

టీచర్ గదికి అడ్డంగా నడిచి వెళ్ళి, పీట పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నిచ్చెన ఏడుస్తూ ఆమె భుజాన్ని కరుచుకుపోయాడు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"వీణ్ణి లోపల పెడుతున్నా టీచర్."

"సోమవారం గొడుగుని..."

"నేనే పెట్టా."

వాడి గొంతులో బెదురు లేదు. శభాష్ కోసం ఎదురుచూస్తున్నాడు.

"మరి ఎవరు చేశారని అందరినీ అడిగాను కదా. ఎందుకు చెప్పలేదు?"

"ఈ చెడ్డపని ఎవరు చేశారు అనడిగారు. నేను చెడ్డపని చెయ్యలేదు కదా టీచర్." పీట మీద నుంచి దిగాడు. ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నేర్పినట్టే, కనుబొమలు, కళ్ళు, పెదాలు వరసగా చూశాడు. అప్పుడు వాడికి మొదటిసారి అనుమానం వచ్చింది. చేతివేళ్ళు చొక్కా అంచుని మెలిపెట్టసాగాయి.

"గొడుగు ఏడుస్తోంది టీచర్. మొహం చూశా. ఏమైందని అడిగా. అమ్మ కావాలంది. మీకు చెబుదామని వచ్చా. మీరు కుర్చీలో తల పట్టుకుని కూర్చున్నారు. ఎవరైనా ఏడిస్తే మీ మొహం ఎలాగో అయిపోతుంది టీచర్. ఏడ్చినట్టే ఉంటుంది, నీళ్ళు రావు. ఆ మొహం మన బోర్డు మీద లేదు. అందుకే మీకు వినపడకుండా లోపల పెట్టా. దిండిచ్చా, తువ్వాలిచ్చా. పీట మళ్ళీ తీసి దాని చోట పెట్టేశా. ఏడుపు ఆగాక గడియ తీద్దామనుకున్నా. తలుపుకి చెవి పెట్టి విన్నా. ఆగిపోయింది. తీద్దామనే వచ్చా టీచర్, నిజం. అప్పుడు మీరు ఆయాతో ఏదో చెబుతూ నవ్వారు. ఆ రోజంతా నవ్వలేదు, అప్పుడే నవ్వారు. తలుపు తీస్తే మళ్ళీ ఏడుస్తుందేమోనని... ఇంకాసేపు ఉండనిద్దామని తియ్యలేదు."